రక్తపు బొట్టు ప్రయాణం

వనపర్తి కోడలైన మా ఆపా తొలికాన్పుకు నాగర్‌కర్నూలు వచ్చింది. బిడ్డ నాల్గవ నాడే పాలు మానివేసింది. పొత్తిగుడ్డలకు బెల్లపు పాకం వాసన. అమ్మీ దిష్టి తీసింది. ఒక వైద్యుడు మాత్రం మడమ నుండి రక్తపు బొట్టును కాగితంపై అద్ది హైదరాబాదుకు పంపించాడు. పదవ నాడు బిడ్డ వెళ్ళిపోయింది. ఫలితం పన్నెండవ నాడు చేరింది.

ల్యూసిన్ అనే అమినో ఆమ్లం దేహంలో విచ్ఛిన్నం కాక పేరుకొనే జన్మగత వ్యాధి అది. తల్లిదండ్రులిద్దరిలోనూ లోపమున్న జన్యువు ఉంటేనే వస్తుంది. మా ఇళ్ళలోని దగ్గరి సంబంధాలూ, పొరుగిళ్ళ మేనరికాలూ ఆ అవకాశాన్ని పెంచుతాయి.

వ్యాధిని పట్టుకొన్నది మాస్ స్పెక్ట్రోమీటరు. అణువులకు విద్యుదావేశమిచ్చి, ద్రవ్యరాశిని బట్టి వేరుచేసి లెక్కించే యంత్రమది. 1919లో ఆస్టన్ దానితో ఐసోటోపులను వేరుపరచాడు. నేడది ఒక్క బొట్టులో అనేక లోపాలను రెండు మూడు నిమిషాలలో చదువుతుంది. ఆలస్యమంతా యంత్రానికి ముందూ వెనుకా ఉన్నది. చుక్కను కత్తిరించడం, మిథనాలులో నానబెట్టడం, ప్రమాణ ద్రవ్యం కలపడం, చివరకు అంకెలకు అర్థం చెప్పడం. వీటికి ఆరితేరిన చేయి కావాలి. అట్టివారు నగరాలలోనే దొరుకుతారు.

నేను చదువుకొంటున్న గద్వాలలో 2021లో ప్రభుత్వ రోగనిర్ధారణ కేంద్రం వెలసింది. అక్కడ చక్కెర, థైరాయిడు వంటి పరీక్షలను యంత్రాలే చేస్తాయి. రక్తపు గొట్టం అమర్చితే చాలు. మాస్ స్పెక్ట్రోమీటరుకూ అట్టి స్వయంచాలక రూపం వచ్చింది. రోష్ సంస్థ యంత్రానికి 2024 డిసెంబరులో ఐరోపా అనుమతి లభించింది. అయితే దాని తొలి పరీక్షలు స్టెరాయిడు హార్మోనులకే, శిశువుల ఎండిన రక్తపు బొట్టుకు కాదు.

ఈసారి ఆపా కాన్పుకు పుట్టింటికి రాలేదు. నెల ముందే హైదరాబాదులోని ఖాలా ఇంట దిగింది.