పెద్దబడి, చిన్నబడి, ఓ పాప పేరు

ప్రోగ్రెస్ కార్డుల కోసం మా క్లాసు పేర్ల జాబితా నా చేతికొచ్చింది. అన్నీ క్యాపిటల్ లెటర్సే. పేరులో మొదటి అక్షరం పెద్దబడి, మిగతావి చిన్నబడి అని పిల్లలకు రోజూ చెప్పేదాన్ని. కార్డు మీదా అలాగే ఉండాలనిపించింది.

మళ్లీ టైప్ చేయకుండా లినక్స్‌లో 'టీఆర్' అనే కమాండ్ వాడాను. కంప్యూటర్‌కు పెద్ద 'ఏ' అంటే 65, చిన్న 'ఏ' అంటే 97. జెడ్ దాకా ప్రతి అక్షరానికీ తేడా అదే 32. ఒక్క లైనుతో పేర్లన్నీ చిన్నబడిలోకి మారాయి. తర్వాత 'సెడ్' కమాండ్‌తో ప్రతి మాట మొదటి అక్షరాన్నీ పెద్దది చేశాను. రెండు నిమిషాల పని. సరిచూడకుండానే ప్రింట్ తీశాను.

మర్నాడు ఒక పాప కార్డు పట్టుకొచ్చింది. "మేడమ్, కె మా ఇంటిపేరు. వి, ఎస్ మా నాయనమ్మ పేరు. అవి చిన్నవైపోయాయి" అంది.

ఇనీషియల్స్ మధ్య చుక్కలు లేవు. మూడక్షరాలనూ కమాండ్ ఒకే మాట అనుకుని, 'కె'ని మాత్రమే పెద్దదిగా ఉంచింది. తప్పు కమాండ్‌ది కాదు, నాది. కొత్త కార్డు ఇచ్చాను.

తెలుగులో పెద్దబడి, చిన్నబడి లేవు. అందుకే ఇంట్లో పిల్లల పేరు ఇంగ్లిష్‌లో ఎలా ఉందో మనం అంతగా పట్టించుకోం. కానీ పదో తరగతి సర్టిఫికెట్‌లో పడిన పేరు జీవితాంతం వెంట వస్తుంది. బడి నుంచి పేర్ల వివరాలు సంతకానికి వచ్చినప్పుడు జనన ధ్రువపత్రం, ఆధార్ పక్కన పెట్టుకుని చూడండి. స్పెల్లింగే కాదు, ఇనీషియల్స్, చుక్కలు, ఖాళీలు కూడా. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. నా తప్పు పట్టుకున్నది ఓ పాపే కదా!

— ఇంగ్లిష్ టీచర్, రొంపిచెర్ల