చిక్కడపల్లి చెట్ల కింద జనరల్ స్టడీస్

చిక్కడపల్లి మెట్రో స్టేషన్‌లో దిగి నగర కేంద్ర గ్రంథాలయానికి నడిచి వెళ్లేసరికి గేటు ఇంకా తీయలేదు. మనుషుల కంటే ముందే బ్యాగులు వరుసలో ఉన్నాయి. బ్యాగుల వాళ్లు రోడ్డవతల టీ తాగుతూ, ఒకే పేపర్‌ను పేజీలుగా విడదీసి పంచుకుని చదువుతున్నారు. గేటు తీశాక తోపులాటేమీ జరగలేదు. ఎవరి బ్యాగు ముందుంటే వాళ్లు ముందు వెళ్లారు. కాసేపటికే హాలు నిండింది. కుర్చీ దొరకనివాళ్లు వరండాలోకి, అక్కడా చోటు లేనివాళ్లు చెట్ల కిందికి సర్దుకున్నారు.

గ్రూప్స్‌కో, సివిల్స్‌కో చదివే పిల్లలు హైదరాబాద్‌లో ఎక్కడుంటారంటే ఎవరైనా అశోక్‌నగర్ పేరే చెబుతారు. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, నెలవారీ అద్దెకు కుర్చీ ఇచ్చే స్టడీ హాళ్లు, స్పైరల్ బైండింగ్ నోట్సు అమ్మే జిరాక్స్ షాపులు అన్నీ ఆ చుట్టుపక్కలే. కోచింగ్ ఫీజు కట్టలేనివాళ్లు, కట్టి ముగించినవాళ్లు, స్టడీ హాలు అద్దె కూడా బరువైనవాళ్లు ఈ గ్రంథాలయానికి వస్తారు. చాలామంది తమ పుస్తకాలు తామే తెచ్చుకుంటారు. జనరల్ స్టడీస్ అనే విశాలమైన పేపర్‌కు ఇక్కడ ఎలా చదువుతున్నారో చూద్దామని వెళ్లాను.

విశాలమని ఊరికే అనడం లేదు. యూపీఎస్సీ ప్రిలిమ్స్‌లో జనరల్ స్టడీస్ మొదటి పేపర్‌కు 100 ప్రశ్నలు, 200 మార్కులు, రెండు గంటలు. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు పోతుంది. మెయిన్స్‌లో 250 మార్కుల చొప్పున నాలుగు జనరల్ స్టడీస్ పేపర్లు. చరిత్ర, సమాజం, భూగోళం మొదటిదానిలో, రాజ్యాంగం, పాలన, విదేశీ వ్యవహారాలు రెండోదానిలో, ఆర్థికం, సైన్స్, పర్యావరణం, భద్రత మూడోదానిలో, నాలుగోది నైతికత. 2013 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. తెలంగాణ గ్రూప్-2లో 150 మార్కుల పేపర్లు నాలుగు. ఒక్కదానికే జనరల్ స్టడీస్ అని పేరున్నా, మిగతా మూడూ దాన్ని విడదీసి లోతు పెంచినవే.

చెట్టు కింద నలుగురు కూర్చున్న చోట నేనూ కూర్చున్నాను. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒకతను కృష్ణా జలాల వార్త కత్తిరించి తెచ్చాడు. వాళ్ల పద్ధతి ఏమిటంటే రోజుకు ఒక్క వార్తే. దాన్ని పట్టుకుని సిలబస్‌లో ఎన్ని చోట్లకు వెళ్లగలరో అన్ని చోట్లకూ వెళ్తారు. మొదట నది: మహాబలేశ్వర్ దగ్గర పుట్టుక, ఉపనదులు, హంసలదీవి దగ్గర సముద్రం. తర్వాత రాజ్యాంగం: 262వ అధికరణం, అంతర్రాష్ట్ర జల వివాదాల్లో సుప్రీంకోర్టు జోక్యం లేకుండా చట్టం చేసే అధికారం పార్లమెంటుకు ఎందుకిచ్చారన్న చర్చ, 1956 చట్టం. అక్కణ్నుంచి 1969లో ఏర్పాటైన బచావత్ ట్రిబ్యునల్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు అని ఒకరు చెప్పగానే, అందరికంటే చిన్నగా కనిపించిన అమ్మాయి అడ్డుపడింది.

"అన్నా, ఒక పుస్తకంలో 800 అని ఉన్నది, ఇంకోదాంట్ల 811 అని ఉన్నది. ఆ పదకొండు ఏడికెల్లి వచ్చినయి?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కోచింగ్ క్లాసులో ఈ ప్రశ్న అడిగితే '811 రాసుకో, చాలు' అంటారేమో. వీళ్లు అలా వదల్లేదు. ఒకతను లోపలికి వెళ్లి ఓ పాత పుస్తకంతో వచ్చాడు. 75 శాతం భరోసాతో దొరికే నీరు 2060 టీఎంసీలని ట్రిబ్యునల్ లెక్కగట్టింది. అందులో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800. పొలాలకు పారిన నీటిలో కొంత మళ్లీ నదిలోకి చేరుతుంది కదా, దాన్నీ లెక్కలోకి తీసుకుని మరో 70 కలిపింది. మహారాష్ట్రకు 25, కర్ణాటకకు 34, ఆంధ్రప్రదేశ్‌కు 11. మొత్తం 2130. అమ్మాయి నోట్‌బుక్‌లో కూడికలు వేసుకుని, మూడు రాష్ట్రాల అంకెలూ సరిపోయాయని తేల్చుకున్నాకే తల ఎత్తింది.

ఆ అంకెను ఆమె ఇక మరచిపోదు. పైగా అది ఎందుకలా ఉందో తెలిసింది కాబట్టి తర్వాతి చర్చ తేలికైంది. రాష్ట్రం విడిపోయాక 811ని తాత్కాలికంగా 512, 299గా పంచుకోవడం, పరీవాహక ప్రాంతం మా దగ్గరే ఎక్కువన్న తెలంగాణ వాదన, ముందునుంచీ పారుతున్న ఆయకట్టుకు హక్కుందన్న ఆంధ్రప్రదేశ్ వాదన, 2014 పునర్విభజన చట్టం కింద వచ్చిన నదీ యాజమాన్య బోర్డు, రెండు రాష్ట్రాల మధ్య పంపకం తేల్చమని 2023 అక్టోబరులో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు కేంద్రం ఇచ్చిన కొత్త విచారణాంశాలు. నలుగురిలో ఒకతనిది పల్నాడు. అతనికి ఎదురుగా కూర్చున్నది వార్త తెచ్చిన నల్లగొండ అబ్బాయి. రెండు వాదనలనూ తారుమారు చేసుకుని చెప్పారు. పల్నాడు అబ్బాయి తెలంగాణ పక్షం, నల్లగొండ అబ్బాయి ఆంధ్ర పక్షం. ఒక్కరూ గొంతు పెంచలేదు. రేపు అధికారిగా ఏ కాలువ గట్టు మీద నిలబడినా పనికొచ్చేది ఈ అలవాటే. జనరల్ స్టడీస్ పేపర్ పెట్టడంలో ఉద్దేశం ఇదే అయి ఉండాలని నా గట్టి నమ్మకం.

"ఒక వార్తకే పూట గడిస్తే సిలబస్ ఎప్పుడు అయిపోతది?" అని అడిగాను.

"ఇది ఒక్కటి చదివితే సార్, భూగోళంల ఒక పాఠం, పాలిటీల రెండు, ఎకానమీల ఒకటి అయినట్టే. విడివిడిగ చదివితే నాలుగు రోజులు పడుతది" అన్నాడు నల్లగొండ అబ్బాయి.

పదకొండు గంటలకు వరండాలో మరో దృశ్యం. సివిల్స్ మెయిన్స్‌కు సిద్ధమయ్యే ఇద్దరు ఫోన్లో టైమర్ పెట్టుకుని రాస్తున్నారు. జనరల్ స్టడీస్ మొదటి మూడు పేపర్లలో ఒక్కోదానికి 20 ప్రశ్నలు: 150 పదాల్లో రాయాల్సిన 10 మార్కులవి పది, 250 పదాల 15 మార్కులవి పది. మూడు గంటల్లో సగటున ప్రశ్నకు తొమ్మిది నిమిషాలు. అందులోనే ఆలోచన, రాత, అవసరమైతే పటం. తెలియక ఓడిపోయేవాళ్ల కంటే తెలిసినదంతా మొదటి ఐదు ప్రశ్నల్లో కుమ్మరించి చివరి ఐదు వదిలేసేవాళ్లే ఎక్కువని వాళ్లలో పెద్దవాడు చెప్పాడు. టైమర్ మోగగానే వాక్యం మధ్యలోనే కలం ఆపి, కాగితాలు మార్చుకుని దిద్దుకున్నారు. "ప్రశ్న 'విమర్శనాత్మకంగా పరిశీలించండి' అంటున్నది. నువ్వు పథకాన్ని పొగిడి వదిలేసినవ్" అని ఒకరి కాగితం మీద ఇంకొకరు రాశారు.

వాళ్లలో ఒకతను తెలుగులోనే రాస్తున్నాడు. మెయిన్స్‌ను ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా రాయవచ్చు. ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం మాత్రం హిందీ, ఇంగ్లిష్‌లలోనే వస్తుంది. కనుక తెలుగు మాధ్యమం అభ్యర్థి రెండు భాషల్లో చదవక తప్పదు. శ్రీకాకుళం జిల్లా పారసాంబ నుంచి వచ్చిన రోణంకి గోపాలకృష్ణ పరీక్ష తెలుగులో రాసి, తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకుని, 2017లో వచ్చిన ఫలితాల్లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. ఇక్కడ ఆయన పేరు ఎత్తని తెలుగు మాధ్యమం అభ్యర్థి లేడు. కానీ ఆయన వెనుక వరుసగా మరింతమంది రావాలంటే మెచ్చుకోలు సరిపోదు. సైన్స్, పర్యావరణం, అంతర్జాతీయ వ్యవహారాల మీద ఏటా తాజాపరిచే మంచి తెలుగు పుస్తకాలు కావాలి. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ పుస్తకాలు ఇప్పటికీ గ్రూప్స్ అభ్యర్థులకు పెద్దదిక్కు. అయితే ఇక్కడ చేతులు మారుతున్న కాపీల్లో పాత ముద్రణలు చాలా కనిపించాయి.

మధ్యాహ్నం అశోక్‌నగర్ సందుల్లో నడిచాను. పుస్తకాల షాపుల్లో ఒకే అంశం మీద పదేసి పుస్తకాలు, నెలనెలా కరెంట్ అఫైర్స్ సంచికలు, ర్యాంకర్ల చేతిరాత నోట్సు నకళ్లు. ఒక కుర్రాడు ఎకానమీకి నాలుగో పుస్తకం కొంటున్నాడు. మొదటి మూడూ చదివావా అని అడగబోయి ఆగాను. అతని కళ్లలో ఉన్న భయం నాకు అర్థమైంది. పక్కవాడి దగ్గరున్న పుస్తకం తన దగ్గర లేకపోతే అందులోంచే బిట్టు వస్తుందేమోనన్న భయం అది. ఆ భయం మీదే ఆ బజారు నడుస్తోంది. ఉస్మానియాలో చదువుకున్న లక్ష్మీకాంత్ రాసిన పాలిటీ పుస్తకం, ఆరు నుంచి పన్నెండు వరకు పాఠశాల పుస్తకాలు, ఒక దినపత్రిక, పాత ప్రశ్నపత్రాలు. నేను మాట్లాడిన వాళ్లలో నిలకడగా చదువుతున్నవాళ్ల బ్యాగుల్లో ఇంతకంటే పెద్దగా లేవు. 2023 ప్రిలిమ్స్ నుంచి యూపీఎస్సీ 'పై వాక్యాల్లో ఎన్ని సరైనవి' అన్న తరహా ప్రశ్నలు పెంచింది. ఒక్క వాక్యం తెలిస్తే మిగతావి తొలగించుకుంటూ జవాబు పట్టే ఉపాయం అక్కడ పనిచేయదు. ప్రతి వాక్యమూ తెలిసి ఉండాలి. అలాంటి పరీక్షకు పది పుస్తకాలు ఒకసారి చదివినవాడి కంటే ఒక పుస్తకం పదిసార్లు చదివినవాడే సిద్ధంగా ఉంటాడు.

మళ్లీ గ్రంథాలయానికి వచ్చాక ఒక అక్కతో మాట్లాడాను. అక్కడి పిల్లలంతా ఆమెను అక్కా అనే పిలుస్తారు. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో రాసింది. ప్రశ్నపత్రాల లీకేజీతో అది రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాసింది. దాన్ని హైకోర్టు రద్దు చేసింది. కొత్త నోటిఫికేషన్ వచ్చాక 2024 జూన్‌లో మూడోసారి రాసింది. గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వస్తే పరీక్ష 2024 డిసెంబరులో జరిగింది. ఇలా వాయిదా పడినప్పుడల్లా జనరల్ స్టడీస్ చదివేవాళ్ల కష్టం బయటివాళ్లకు తెలియదు. గణితం మారదు. ఇక్కడ కరెంట్ అఫైర్స్ మారిపోతాయి, బడ్జెట్ అంకెలు మారిపోతాయి, రాష్ట్ర సామాజిక ఆర్థిక సర్వే కొత్తది వస్తుంది, పథకాల పేర్లు సైతం మారతాయి. "చదివింది మరిచిపోవుడు కూడ నేర్చుకున్న సార్. పాత అంకె తలకాయల ఉంటే కొత్తది కూసోదు" అంది ఆమె. ఇంట్లో వాళ్లు ఫోన్ చేసి ఇంకెన్నాళ్లని అడుగుతారట. ఆ మాట చెప్పి పుస్తకం తెరిచింది, నేను లేచాను. క్యాలెండర్ ప్రకటించి దానికి కట్టుబడటం ప్రభుత్వాలు ఈ పిల్లలకు చేయగల అతి పెద్ద మేలు. దానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

గ్రూప్-2 నాలుగో పేపర్ తెలంగాణ ఉద్యమం. ఆ రోజు సాయంత్రం హాల్లో ఒకతను చదువుతున్న పేజీ గ్రంథాలయోద్యమం గురించి: ఇక్కడికి దగ్గరలోనే సుల్తాన్‌బజార్‌లో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో మొదలైంది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు దారి లేని రోజుల్లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివాళ్లు నడుం కట్టి నిలిపిన సంస్థ అది. ఆనాటి పాఠకులకు ఉద్యోగ నోటిఫికేషన్లు లేవు. అయినా ఊరూరా గ్రంథాలయం కావాలన్న పట్టుదల నుంచి వచ్చిన వారసత్వమే ఈ చెట్ల నీడ.

ఆ వారసత్వానికి మనం ఇప్పటికే డబ్బు కడుతున్నాం. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. వసూలు చేసిన స్థానిక సంస్థలు దాన్ని గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయడం లేదన్న ఫిర్యాదు ఎన్నో ఏళ్లుగా ఉంది. మీ ఊరి గ్రంథాలయానికి ఒకసారి వెళ్లి చూడండి. పోటీ పరీక్షల అలమరలో ఉన్న పుస్తకం ఏ సంవత్సరం ముద్రణో తెరిచి చూడండి. సెస్సు జమ అయిందా అని మున్సిపాలిటీని అడగండి. వీలైతే ఈ ఏడాది సామాజిక ఆర్థిక సర్వే ఒకటి, పాలిటీ పుస్తకం కొత్త ముద్రణ ఒకటి కొని ఆ అలమరలో పెట్టించండి.