కళింగపట్నం దారిలో

ప్రయాణం చేయడం ఒక ఎత్తు. ప్రయాణానికి ఏర్పాటు చేసుకోవడం మరొక ఎత్తు. చిన్నప్పటి నుంచి నాకు రెండవదే ఎక్కువ ఇష్టం. పటం ముందు వేసుకొని, ఊళ్ళ పేర్లు రాసుకొని, వాటి మధ్య దూరాలు కూడుకొంటూ కూర్చుంటే నాకు భోజనం కూడా గుర్తుకు రాదు. అటువంటి నేను ఒకసారి చాలా తప్పుగా ఏర్పాటు చేసిన ప్రయాణం గురించి మీకు చెబుతాను.

మాది ఒడిశాలోని బరంపురం. మూడు తరాలుగా ఇక్కడే ఉంటున్నాం. వీధిలో ఒడియా, ఇంట్లో తెలుగు. మా అమ్మ మాత్రం శ్రీకాకుళం జిల్లా కళింగపట్నంలో పుట్టి, పెళ్ళయి ఈ ఊరికి వచ్చింది. పుట్టింటి వారు ఒక్కొక్కరే వెళ్ళిపోయాక ఆమెకు అక్కడికి పోయే పని లేకుండా పోయింది. "ఒక్కసారి మా ఊరి సముద్రం చూసి రావాలిరా" అని అప్పుడప్పుడు అనేది.

"మనకు గోపాల్‌పూర్ దగ్గరే ఉంది కదమ్మా, అక్కడ లేదా సముద్రం?" అనేవాణ్ణి.

"అది సముద్రమే. మా ఊళ్ళో వంశధార వచ్చి కలుస్తుంది" అనేది.

2018 డిసెంబరులో ఆ ప్రయాణం కుదిరింది. విశాఖపట్నం దాకా తీరం వెంట పోయి, చూడదగినవన్నీ చూసి రావాలని నిశ్చయించాను. అమ్మ, నా భార్య, ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి, నేను. ఒక అద్దె కారు మాట్లాడుకున్నాం.

బరంపురం నుంచి విశాఖపట్నం జాతీయ రహదారి మీద 260 కిలోమీటర్ల పైచిలుకు. పటంలో చూస్తే ఆ దారి సముద్రాన్ని ఆనుకొని పోతున్నట్లే ఉంటుంది. కాని దారిలో సముద్రం కనిపించేది బహు తక్కువ. రహదారిని దువ్వెన వెన్ను అనుకుంటే, తీరగ్రామాలకు పోయే చిన్నదారులు దాని పళ్ళు. ఒక్కొక్క పంటి చివర ఒక తీరం. చూడాలంటే రహదారి విడిచి లోపలికి పోవాలి; చూశాక మళ్ళీ వెనక్కి రావాలి. ఈ రాకపోకలకు పట్టే సమయాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

నా కాగితంలో మొదటి రోజుకు ఏడు మజిలీలు ఉన్నాయి. మహేంద్రతనయ సముద్రంలో కలిసే బారువ, జీడిపప్పుకు పేరుపొందిన పలాస, గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకొనే తేలినీలాపురం, సూర్యదేవాలయం ఉన్న అరసవిల్లి, కూర్మావతారానికి గుడి ఉన్న శ్రీకూర్మం, వంశధార ఒడ్డు కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలున్న శాలిహుండం, చివరికి కళింగపట్నం. దాని ఎదుట 'సూర్యాస్తమయం' అని రాశాను. సూర్యుడు పడమట అస్తమిస్తాడనీ, మన సముద్రం తూర్పున ఉందనీ తెలియనివాణ్ణి కాను. అయినా రాశాను!

తెల్లవారుజామునే బయలుదేరాం. ఇచ్ఛాపురం దాటి ఉద్దానంలోకి వచ్చేసరికి దారికి ఇరువైపులా కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా పెకలించుకొని పడి ఉన్నాయి. రెండు నెలల కిందట, అక్టోబరు 11న, తిత్లీ తుఫాను ఆ తీరాన్నే దాటింది. ఒక తోటలో ఒక ముసలామె ఎండిన మట్టలు ఏరుకొంటోంది. "కాస్త ఆపరా, ఆమెను పలకరిద్దాం" అంది అమ్మ. కాగితంలో ఆ మజిలీ లేదు. "తిరిగి వచ్చేటప్పుడు చూద్దాంలే అమ్మా" అన్నాను.

బారువలో పావుగంట, పలాసలో అరగంట, తేలినీలాపురంలో మరో గంట. మేము చేరేసరికి ఒక గుడిలో మధ్యాహ్న విరామం. తలుపులు తెరిచేదాకా మండపంలో కూర్చున్నాం. గుడి వేళలు ముందుగా కనుక్కోకపోవడం నా తప్పే. అక్కడ పోయిన సమయాన్ని శాలిహుండంలో తగ్గిద్దామనుకున్నాను. కాని కొండ మెట్లు నా తొందర ప్రకారం తరగలేదు.

డిసెంబరు నెలలో అక్కడ సాయంత్రం ఐదున్నర కాకముందే పొద్దు గుంకుతుంది. కళింగపట్నం చేరేసరికి ఆరున్నర. ఎదురుగా అంతా చీకటి. దీపస్తంభం వెలుగు వచ్చిపోతోంది. అమ్మ ఇసుకలో నిలబడి అడిగింది: "నది ఏ వైపున కలుస్తోందిరా?"

నేను ఎడమ వైపు చేయి చూపించాను. నా చేయే ఆమెకు కనబడలేదు.

"పోనీలే. హోరు వినబడింది. చాలు" అంది.

ఆ రాత్రి శ్రీకాకుళంలో బస చేశాం. మర్నాడు ఉదయం కాఫీ తాగుతూ, "మళ్ళీ ఒకసారి వెళ్ళొద్దామా? ఎంతో దూరం లేదుగా" అంది అమ్మ. నిజమే, 30 కిలోమీటర్ల లోపే. నేను కాగితం తీసి చూశాను. భీమిలి, ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ ఉన్నాయి. "ఈసారి వచ్చినప్పుడు తీరిగ్గా చూద్దాం అమ్మా" అన్నాను. ఆమె మరి మాట్లాడలేదు.

ఆ రోజు చూసినవి తక్కువవేమీ కావు. గాలి, నీరు చెక్కిన ఎర్రమట్టి దిబ్బలు చూశాం. గోస్తని సముద్రంలో కలిసే భీమిలిలో డచ్చివారి పాత సమాధులు చూశాం. అక్కడి నుంచి విశాఖ దాకా సముద్రం పక్కనే సాగే దారిలో పోయాం. అమ్మాయి ఎన్నో ఫొటోలు తీసింది. ఇంటికి వచ్చి చూసుకుంటే వాటిలో కళింగపట్నం ఫొటో ఒక్కటీ లేదు.

మరుసటి సంవత్సరం అమ్మ చూపు మందగించింది. డాక్టరు పరీక్షించి నీటికాసులన్నారు. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది నిలుపుకోవడానికి మందు వేసుకోవాలనీ చెప్పారు. ఆ ఏడు గడిచేసరికి ఆమెకు వెలుతురు, నీడ మాత్రమే తెలిసేవి. 'ఈసారి వచ్చినప్పుడు' అన్న నా మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

2020 జనవరిలో మళ్ళీ బయలుదేరాం. ఈసారి కాగితం మీద మొదట రాసిన పేరు కళింగపట్నం. దాని చుట్టూ తక్కినవి ఏర్పాటు చేశాను. రాత్రి శ్రీకాకుళంలోనే బస కనుక తిరుగు ప్రయాణపు బెంగ లేదు. తీరానికి మధ్యాహ్నం మూడు గంటలకు చేరాలి. తూర్పుతీరంలో ఉదయం ఎండ కళ్ళలో కొడుతుంది. సాయంత్రం సూర్యుడు మన వెనక ఉండి కెరటాలకు వెలుగు పడుతుంది. దారిలో రెండే మజిలీలు: ఒకటి భోజనానికి, ఒకటి ఉద్దానంలో. నిరుడు చూసిన ముసలామె కనబడలేదు. ఆ తోటలో కొత్త కొబ్బరిమొక్కలు నాటి ఉన్నాయి.

తీరంలో అమ్మను కుర్చీలో కూర్చోబెట్టాం. నదులు కలిసేచోట ప్రవాహం మోసం చేస్తుందని ఎవరం నీళ్ళలోకి దిగలేదు. అమ్మాయి ఆమె పక్కన ఇసుకలో కూర్చుంది.

"ఏం కనబడుతోందో చెప్పవే" అంది అమ్మ.

"పెద్ద అల వస్తోంది మామ్మా."

"పెద్దదైతే కెరటం అనాలి. విరిగిందా?"

"విరిగింది. తెల్లగా... అది వస్తోంది."

"నురుగు. నది ఎక్కడుంది?"

"ఎడమ పక్క. మధ్యలో ఇసుక దిబ్బలాగా ఉంది."

"తిన్నె. అవతల నీళ్ళ రంగు?"

అమ్మాయి లేచి నిలబడి చూసింది. నది నీరు ఒక రంగు, సముద్రం నీరు ఒక రంగు. రెండూ కలిసేచోట గీత ఒకటి వంకరగా పోతోంది. దాన్ని చెప్పడానికి దానికి మాటలు చాలలేదు. ముందు ఒడియాలో అంది, తర్వాత తెలుగులో వెతుక్కొంది. అమ్మ మాట అందించింది. దీపస్తంభం దగ్గర దీపం వెలిగేదాకా వాళ్ళిద్దరూ అలాగే మాట్లాడుకున్నారు. నేను గడియారం చూడలేదు.

లేవబోతూ అమ్మ, "చూశానురా" అంది.

మీరూ ఎప్పుడో ఒకప్పుడు మీ వాళ్ళతో తీరం వెంట ప్రయాణం కడతారు. అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం, వాటిని విడిచిపెట్టండి. గుడుల వేళలు, పొద్దు గుంకే వేళ ముందుగా తెలుసుకోండి. రహదారి మీది దూరంతో పాటు పక్కదారుల దూరం కూడా కలుపుకోండి. అన్నిటికంటే ముందు, బండిలో అందరికన్నా పెద్దవారిని 'మీకు ఏ ఊరు చూడాలని ఉంది?' అని అడిగి, ఆ పేరు కాగితంలో మొదట రాయండి. తక్కిన ఊళ్ళు ఎక్కడికీ పోవు.