ఉండా, బిళ్ళా? తిరుపతి చుట్టూ ఆకారాల యాత్ర

తిరుపతి ప్రసాదం అనగానే మనకు లడ్డూ గుర్తొస్తుంది, దాని వెనకే వడ. రెండూ గుండ్రమే. అయినా లడ్డూని ఎవరూ బిళ్ళ అనరు, వడని ఎవరూ ఉండ అనరు. ఎప్పుడైనా ఆలోచించారా? మన తెలుగులో గుండ్రం అన్న ఒక్కమాట కింద ఎన్ని మాటలున్నాయో! బంతిలా నిండుగా ఉంటే ఉండ. పలచగా ఉంటే బిళ్ళ. మధ్య ఖాళీగా ఉండి అంచు మాత్రమే ఉంటే కడియం. పొడుగ్గా, లోపల బోలుగా ఉంటే గొట్టం. ఒక పక్క సాగితే కోల. వంటింట్లో రోజూ వాడే మాటలే ఇవన్నీ. మన పిల్లలకు మాత్రం అన్నీ కలిపి 'రౌండు' అయిపోయాయి.

ఈసారి మీకు తిరుపతి చుట్టుపక్కల నాలుగు చోట్లు చూపిస్తాను. దర్శనం అయ్యాక రెండు రోజులు చేతిలో ఉంటే హాయిగా చూసి రావచ్చు. మేం ఈ ఊళ్ళోనే కాపురం ఉంటున్నాం కాబట్టి చుట్టాలొచ్చినప్పుడల్లా వాళ్ళతో పోయి చూసినవే. కానీ మొన్న సెలవుల్లో మటుకు వేరే రకంగా చూశాం. అందుకు కారణం మా అత్తగారు.

ఆమెకు చూపు పోయి పదేళ్ళు దాటింది. నీటికాసుల జబ్బు. అది చాలావరకు నొప్పి లేకుండా, చెప్పాపెట్టకుండా వస్తుంది. పక్కల నుంచి చూపు తరుగుతూ వస్తుంది, పోయిన చూపు మళ్ళీ రాదు. (నలభై దాటిన వాళ్ళం, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నవాళ్ళం, కంటి ఒత్తిడి పరీక్ష చేయించుకోవడం మంచిది.) ఎక్కడికి పిలిచినా "నాకేం కనబడతాది, చార్జీలు దండగ" అనేవారు. పదో తరగతి చదివే మా అమ్మాయి "నేను చూసి చెప్తా, రా అవ్వా" అని పట్టు పట్టింది. అత్తగారు ఒక షరతు పెట్టారు. "బాగుంది, సూపరు అంటే ఒప్పుకోను. ఎట్లుందో చెప్పాల. అదీ నాకు తెలిసిన మాటల్లో చెప్పాల."

తోరణం ఏ పక్కకు వంగింది?

మొదట తిరుమల. ఊళ్ళోంచి చూస్తేనే కొండ ఆకారం తెలుస్తుంది. పై భాగం గోడ కట్టినట్టు నిట్టనిలువుగా, ఎర్రగా ఉంటుంది. దాని కింద చెట్లతో ఏటవాలు. ఆ గోడలో రాళ్ళు పొరలు పొరలుగా కనిపిస్తాయి. ఆదిశేషుడి పడగ ఇక్కడ, నడుము అహోబిలంలో, తోక శ్రీశైలంలో ఉందని పెద్దలు చెబుతారు. అలిపిరి మెట్లదారిలో మోకాళ్ళ పర్వతం ఉంది కదా, ఆ పేరు వింటేనే ఎక్కుడు ఎంత నిటారో కాళ్ళకు తెలిసిపోతుంది. అవ్వాచారి కోన అంటే అక్కడ లోయ ఉందని అర్థం. మనవాళ్ళు పేర్లలోనే ఆకారాలు దాచిపెట్టారు.

గుడికి కిలోమీటరు దూరంలో చక్రతీర్థం దగ్గర శిలాతోరణం ఉంది. మనిషి కట్టింది కాదు. గాలీ నీరూ లక్షల ఏళ్ళుగా మెత్తని రాయిని తినేయగా గట్టిరాయి మిగిలి అలా నిలిచింది. వెడల్పు సుమారు 25 అడుగులు, ఎత్తు 10 అడుగులు. కంచె బయటి నుంచే చూడాలి, తాకనివ్వరు. అంటే అత్తగారికి మాటలే దిక్కు.

మా అమ్మాయి "ఆర్చి ఉంది అవ్వా" అని నాలుక కరుచుకుని, "తోరణం" అంది. అత్తగారు వెంటనే, "మామిడాకు తోరణం నడిమిన కిందికి జారతాది కదే. ఇది కిందికి వంగిందా, పైకా?" అని అడిగారు. నేనూ ఆశ్చర్యపోయాను. నిజమే కదా! గుమ్మానికి కట్టే తోరణం కిందికి వేలాడుతుంది, రాతి తోరణం పైకి లేస్తుంది. పేరు ఒకటే, వంపు వేరు. అమ్మాయి మళ్ళీ చూసి చెప్పింది. "పైకే అవ్వా. విల్లును నేలమీద బోర్లించి పెట్టినట్టుంది. రెండు పక్కలా లావు బండలు. నడిమిన సన్నగా, రెంటినీ పట్టుకున్నట్టుంది." అత్తగారు గాల్లో చేత్తో ఆ వంపు గీశారు. సరిగ్గా అదే ఆకారం!

దూలం లేని మిద్దె

తిరుపతికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో చంద్రగిరి. విజయనగర రాజులు 1592లో పెనుకొండ నుంచి రాజధానిని ఇక్కడికి మార్చారు. కొండ కింద, కోటగోడల నడుమ రాజమహల్, రాణిమహల్ ఉన్నాయి. రాజమహల్ మూడంతస్తులు, రాణిమహల్ రెండంతస్తులు. రాజమహల్‌లో ఇప్పుడు పురావస్తు శాఖ మ్యూజియం ఉంది.

ఇక్కడ గోడను తాకవచ్చు. అత్తగారు అరచెయ్యి ఆనించి అలా నడుస్తూ పోయారు. గోడ అయిపోయి ఖాళీ తగిలిన చోట ఆగి, "వాకిలా?" అన్నారు. "కమాను" అన్నాను. రాజమహల్ కట్టడంలో కర్ర వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. ఆ మాట చెప్పగానే ఆమె, "దూలం లేకుండా మిద్దె ఎట్ల నిలబడిందే?" అన్నారు. ఆరో తరగతి చదివే మావాడు ఆమె రెండు చేతులూ తీసుకుని వేళ్ళ కొసలు కలిపి గూడులా పెట్టాడు. పైనుంచి కొంచెం నొక్కాడు. "చూడవ్వా, ఒక చెయ్యి పడిపోబోతే ఇంకో చెయ్యి ఆపుతాంది. రాళ్ళూ అంతే." కమాను కిటుకు ఇంతకంటే ఎవరు చెప్పగలరు చెప్పండి! బరువు కింద పడకుండా రెండు పక్కలకూ జారి గోడల్లోకి పోతుంది. అందుకే ఆ గోడలు అంత మందం.

పైన గోపురాలున్నాయి. వాటిని వాడు చెప్పిన తీరు: "కుండల దొంతర ఉంటాది కదా అవ్వా, అట్ల. అడుగున వెడల్పు, పైకి పోయేకొద్దీ చిన్నది."

మూల లేని గుడి

రేణిగుంట దాటి, పాపానాయుడుపేట పక్కనుంచి పోతే గుడిమల్లం. పాపానాయుడుపేట గాజుపూసలకు పేరుపడ్డ ఊరు. కరిగిన గాజును సన్నటి గొట్టంగా లాగి, ముక్కలు కోసి, మళ్ళీ కాస్త కాల్చి అంచులు గుండ్రం చేస్తే అది పూస. గొట్టానికీ పూసకూ చుట్టరికం అక్కడ తెలుస్తుంది.

గుడిమల్లంలో పరశురామేశ్వరస్వామి గుడి చిన్నది, లింగం మాత్రం లోకప్రసిద్ధం. రెండువేల ఏళ్ళు దాటినదని పండితులు చెబుతారు. సుమారు అయిదడుగుల ఎత్తు. లింగం ముందుభాగంలోనే శివుడు నిలబడి ఉంటాడు. గర్భగుడి నేల మండపం కన్నా పల్లంలో ఉంటుంది. 1954 నుంచి ఈ గుడి పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది.

ఇక్కడ పిల్ల వెంటనే చెప్పలేదు. అయిదు నిమిషాలు అలాగే చూస్తూ నిలబడింది. మేం తీసుకొచ్చిన చుట్టాలు రెండు నిమిషాల్లో దండం పెట్టుకుని బయటికి వచ్చేసేవాళ్ళు. చెప్పాలంటే చూడాలి కదండీ! చివరికి కిందనుంచి మొదలుపెట్టింది. "అడుగున ఒక పొట్టివాడు వంగి ఉన్నాడవ్వా. వాడి భుజాలమీద రెండు కాళ్ళూ ఆనించి స్వామి నిలబడ్డాడు. కుడిచేత్తో పొట్టేలును కాళ్ళు పట్టి వేలాడదీసినాడు. ఎడమచేతిలో చిన్న చెంబు. ఎడమ భుజంమీద గొడ్డలి. వెనక లింగం నిలువుగా, స్తంభం మాదిరి ఉంది. పైన తల వేరుగా తెలిసేట్టు చుట్టూ ఒక గాడి ఉంది." అత్తగారు చేతులు జోడించి విన్నారు. దర్శనమంటే అదే అనిపించింది నాకు.

తర్వాత గోడ పట్టుకుని ప్రదక్షిణం చేస్తుంటే, గర్భగుడి వెనక ఆమె ఒక్కసారి ఆగారు. "మూల రాలేదేమే?" అన్నారు. కళ్ళున్న మేం ఎన్నిసార్లు తిరిగినా గమనించని సంగతి ఆమె చేతికి తెలిసింది. ఆ గర్భగుడి వెనకభాగం మూలలు లేకుండా ఒంపు తిరిగి ఉంటుంది. పడుకున్న ఏనుగును వెనకనుంచి చూసినట్టుంటుందని శిల్పులు దాన్ని గజపృష్ఠం అన్నారు. ఏనుగు వెన్ను అన్నమాట.

మళ్ళా కిందనుంచి చెప్పు

శ్రీకాళహస్తి మా అత్తగారి పుట్టింటి వైపు. చిన్నప్పటినుంచీ ఆ రాజగోపురం చూస్తూ పెరిగారు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఆ గోపురం 2010 మే 26న కూలిపోయింది. ముందే బీటలు వారి ఉండడంతో దగ్గరికి జనాన్ని పోనివ్వలేదు. ఆ రాళ్ళకుప్పను ఆమె తన కళ్ళతోనే చూశారు. కొత్త గోపురం లేచి, 2017లో కుంభాభిషేకం జరిగేనాటికి ఆమెకు చూపు లేదు. ఎవరిని అడిగినా "పాతదాని మాదిరే ఉంది" అనేవాళ్ళు. మాదిరే అంటే ఎట్ల?

ఎదురుగా నిలబడి పిల్లలిద్దరూ వంతులు వేసుకుని చెప్పారు. అడుగున రాతికట్టు, నలుపలకలుగా, నిటారుగా. నడిమిన ఎత్తైన వాకిలి. దానిపైన ఒకదానిమీద ఒకటి అంతస్తులు. ఎక్కేకొద్దీ సన్నం. ప్రతి అంతస్తుకూ నడిమిన ఒక కంత, చుట్టూ బొమ్మలు. అన్నిటికన్నా పైన ఎట్లుందో మావాడికి మాట దొరకలేదు. "గుండ్రమే గానీ ఉండ కాదు, గొట్టాన్ని సగానికి చీల్చి అడ్డంగా బోర్లించినట్టు..." అని తడుముకుంటుంటే అత్తగారే అందించారు. "గూడుబండి గూడు మాదిరి." అదే! దానిమీద వరసగా కలశాలు.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మళ్ళా కిందనుంచి చెప్పు" అన్నారు. మూడుసార్లు చెప్పించుకున్నారు. ఆటో అబ్బాయి కూడా విసుక్కోలేదు.

అక్కడే కలంకారీ వేసే ఇంటికి వెళ్ళాం. వెదురుపుల్ల మొన చెక్కి, పైన గుడ్డ చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. రంగు ఆ గుడ్డలో ఊరుతుంది, నొక్కితే మొనకు జారుతుంది. అత్తగారు దాన్ని తడిమి "గర్భంతో ఉన్న పుల్ల" అన్నారు. నవ్వుకున్నాం గానీ, అంతకన్నా మంచి మాట ఏముంది?

చిత్తూరు దారిలో

2022లో తిరుపతి వేరే జిల్లా అయింది గానీ చిత్తూరుతో మా రాకపోకలు మామూలే. ఆ దారిలో మామిడి తోటలు చూడండి. తోతాపురి కాయ కోలగా సాగి, చివర చిలకముక్కులా వంగి ఉంటుంది. తోతా అంటే చిలకే. దారిపొడుగునా గుట్ట, మిట్ట, బండ, వంక అంటూ మా సీమ నేల ఆకారమంతా ఊళ్ళ పేర్లలో వినబడుతుంది.

వెళ్ళేవాళ్ళకు

ఉదయం ఎండెక్కకముందే బయలుదేరండి. గుడిమల్లం పల్లెటూరు, కాబట్టి తినడానికి ఇంటినుంచే పట్టుకెళ్ళండి. చంద్రగిరిలో నడక ఎక్కువ, నీళ్ళు మరవద్దు. మ్యూజియం సెలవురోజు ముందే కనుక్కోండి. పెద్దవాళ్ళుంటే శిలాతోరణం దాకా బండి మాట్లాడుకోండి.

పోయే ముందు నాలుగు రోజులు వంటింట్లో పిల్లలతో ఒక ఆట ఆడించండి. ఒకరు కళ్ళు మూసుకోవాలి. ఇంకొకరు ఒక వస్తువు పేరు చెప్పకుండా దాని ఆకారం మాత్రమే చెప్పాలి. చేట, జల్లెడ, గరిటె, పొత్రం, చెంబు ఏదైనా సరే. "మెడ సన్నం, కడుపు లావు, మూతి కొంచెం విచ్చుకుంది" అనగానే చెంబు అని పట్టేశారనుకోండి, మీ పిల్లలు యాత్రకు తయారైనట్టే. పలక, కోణం, వంపు, మెలిక, గాడి, మొన, అంచు, బోలు, ఉబ్బు, గుంట... ఈ మాటలు పుస్తకంలో బట్టీ పెడితే రావు, వస్తువు చేతికిచ్చి అడిగితే వస్తాయి.

మీ ఇంట్లోనూ మెట్లెక్కలేని అమ్మమ్మో, చూపు మందగించిన మామగారో, మంచం దిగలేని అత్తగారో ఉండే ఉంటారు. ఫోన్లో తీసిన ఫొటోలు వాళ్ళకు అక్కరకు రావు. ప్రసాదం చేతిలో పెట్టి, పక్కన కూర్చుని, చూసింది చూసినట్టు కిందనుంచి పైదాకా చెప్పండి. వాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబు తెలియకపోతే, ఇంకోసారి వెళ్ళి చూసిరావడానికి అదొక సాకు!