గోడ మీద గొర్రె బొచ్చు

కంగారు పడకండి వదినగారూ, గోడ మీద ఆరేసింది చెత్త కాదు, గొర్రె బొచ్చు. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పిసక్కుండా నీళ్ళు మార్చి మార్చి తీశాను. వాసనేం రాదులెండి, ఎండ తగ్గేలోపు తీసేస్తాను. పల్లేరుకాయలూ తుమ్మముళ్ళూ ఇంకా కొన్ని ఉండిపోయాయి. అవి ఏరుకుంటూ మాట్లాడతాను, మీ బట్టలు ఆరేసుకోవడం కూడా కానివ్వండి.

వేణ్ణీళ్ళలో ఎందుకు వెయ్యలేదంటారా? భలేవారే! చలికాలంలో మీ అబ్బాయి స్వెట్టర్ మెషిన్లో వేస్తే చంటిపిల్లల చొక్కా అంతయి బయటికొచ్చిందని బాధపడ్డారు గుర్తుందా, ఇదీ అదే సంగతి. ఉన్ని వెంట్రుక మీద కంటికి కనపడనంత సన్నటి పొలుసులుంటాయి. వేడీ, సబ్బూ, రాపిడీ మూడూ కలిసేసరికి అవి ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. ఇక విడదియ్యడం ఎవరి తరమూ కాదు. కాశ్మీర్‌లో నమ్దాలని తివాచీలు చేస్తారే, ఉన్నిని పరిచి, నీళ్ళు చల్లి, చుట్టి దొర్లించి చేసేవే. అందులో నేత ఉండదు, పోగు ఉండదు. నేను చేసేదీ ఆ బిగింపు పనే. కాకపోతే నీళ్ళతో కాదు, సూదితో.

ఇదిగో సూది. మెల్లిగా పట్టుకోండి, కుట్టుసూది కాదిది. దారం ఎక్కించే కన్నం ఉండదు. మొనకి కొంచెం పైన, అంచు వెంట గోటితో తడిమి చూడండి, గరుగ్గా తగుల్తోందా? అవే గాట్లు. లోపలికి దిగేటప్పుడు ఆ గాట్లు నాలుగు వెంట్రుకల్ని లాక్కుపోతాయి, బయటికొచ్చేటప్పుడు అక్కడే వదిలేసి వస్తాయి. అలా పొడుస్తూ పోతే బూరులా ఉన్నది కాస్తా ముద్దవుతుంది, ముద్ద గట్టిపడుతుంది. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. 36 మోటుది, మొదట్లో గబగబా రూపం తేవడానికి. 38 అన్నిటికీ పనికొస్తుంది. 40, 42 ముఖం దగ్గరికి వచ్చాక. నిటారుగా దించాలి, నిటారుగానే తియ్యాలి. లోపల ఉండగా ఏమాత్రం వంచినా పుటుక్కున విరుగుతుంది. విరిగిన మొన దొరికేదాకా నేను ఆ బొమ్మని పక్కన పెట్టను. రేపు ఏ పిల్లదాని చేతిలో గుచ్చుకుంటుందో ఏమో.

ఈ సూది బొమ్మల కోసం పుట్టింది కాదు. మిల్లుల్లో పెద్ద పెద్ద పలకలకి వేల సూదులు బిగించి, ఉన్నినీ నైలాన్ పీచునీ దరువేసినట్టు పొడిచి గుడ్డ చేసేవారు, ఇప్పటికీ చేస్తారు. కార్లలో కాళ్ళ కింద పరిచేదీ, రోడ్డు వేసేటప్పుడు మట్టికీ కంకరకీ మధ్య పరిచే గుడ్డా చాలావరకు అలా తయారయ్యేవే. 1980ల్లో అమెరికాలో, మసాచుసెట్స్‌లో, డేవిడ్ స్టాన్‌వుడ్, ఎలినార్ స్టాన్‌వుడ్ అనే దంపతులు ఆ మిల్లు సూదిని ఊడదీసి చేత్తో పట్టుకున్నారు. మా పని అక్కణ్ణుంచి మొదలైంది. మా అక్క కూతురంత వయసు లేదు దీనికి!

ఇలా బిగించిన ఉన్నిని ఫెల్ట్ అంటారు, ఆ ఫెల్ట్ బొమ్మ మాత్రం పాతదే. సైబీరియాలో, ఆల్టాయ్ కొండల్లో పజిరిక్ అనే చోట సమాధులు తవ్వితే ఫెల్ట్‌తో చేసిన హంసలు దొరికాయి. 2,300 ఏళ్ళ పైమాటే. నేలంతా మంచు గడ్డకట్టి ఉండబట్టి అవి పురుగు తినకుండా, కుళ్ళకుండా మిగిలాయి. ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి. “ఉన్నితో చేసింది ఎన్నాళ్ళుంటుందండీ” అని ఎవరైనా అంటే నేను ఆ హంస ఫొటో తీసి చూపిస్తాను.

ఇటు రండి, ఈ కిటికీలోంచి కనపడుతుంది. ఆ గోనెసంచి ముక్కలో బియ్యం పోసి కుట్టింది నా పీట. సూది దిగినప్పుడు బియ్యం పక్కకి జరుగుతుంది, సూది బతుకుతుంది. దాని మీద ఉన్నాయన ఒగ్గు కథ చెప్పే పెద్దాయన. ఇంకా ఒక చెంపే వచ్చింది. గొర్రెలు కాసే కురుమల దగ్గర బొచ్చు తెచ్చుకుని, వాళ్ళ దేవుడు బీరప్ప కథ చెప్పేవాళ్ళని చెయ్యకపోతే ఎట్లా అనిపించింది. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగుతుంది కదా, ఒక ఆదివారం వెళ్ళి రోజంతా వాళ్ళ ముఖాలే చూస్తూ కూర్చున్నాను. కథ ఆపి ఊపిరి తీసుకునేటప్పుడు కింది పెదవి కొద్దిగా ముందుకి వస్తుంది చూడండి, నాకు కావాల్సింది అది.

ముఖం ఎలా వస్తుందంటారా? ఇందులో చెక్కడం ఉండదు. తగ్గించాలన్నా పొడవడమే, పెంచాలన్నా చిటికెడు బొచ్చు పెట్టి పొడవడమే. కన్ను కావాలంటే ఆ గుంట దగ్గరే పొడుస్తూ పోవాలి, లోపలికి దిగుతుంది. గుంట దిగిందంటే కనుబొమ ఎముక దానంతటదే పైకి తేలుతుంది. ముక్కుకి చిటికెడు ఉన్ని వేళ్ళ మధ్య నలిపి, మొదలు మాత్రం వదులుగా ఉంచుకుని, ఆ వదులు పోగుల్ని ముఖంలోకి పొడిచి కలపాలి. అతికించడం కాదు, నాటడం. ముడతలు ఆఖర్న, 42 నంబరుతో, వరసగా ఒకే గీత మీద. అప్పుడు చూడాలి వదినగారూ, అప్పటిదాకా ముద్దగా ఉన్నది ఉన్నట్టుండి మీ వైపు చూస్తుంది.

ఇదంతా పైపని. అసలు పని లోపల. కడుపు వదులుగా కట్టిన లడ్డూలా ఉంటే పైన ఎంత చేసినా ఏడాదికల్లా మెడ వాలిపోతుంది. నొక్కితే వేలు దిగకూడదు. కొనేవాళ్ళకి కనపడని ఆ గంటలే ఈ పని, నన్నడిగితే. భుజం పీకుతుంది, చూపుడువేలికి తోలు తొడుగు వేసుకున్నా గుచ్చుకుంటూనే ఉంటుంది. టీవీ పెట్టుకుని మాత్రం చెయ్యను. కన్ను పక్కకి పోయిందంటే సూది వేలిలోకి దిగుతుంది.

మిగతా సరంజామా అంతా ఉన్ని కాదండోయ్. ఈ ఒగ్గు కథ పెద్దాయన కాళ్ళలో పాత మోటార్ వైండింగ్ రాగి తీగ ఉంది. ఇనప తీగ పెట్టను. ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకుని కూడా పైకి పొడిగానే ఉంటుంది. వానాకాలంలో లోపల ఇనుము తుప్పుపట్టి మరక బయటికి వస్తుంది. చేతిలో కర్ర మన వేపచెట్టుదే. తలపాగా అంచుకి చిరిగిన పట్టుచీర జరీ. కళ్ళు బేగంబజార్‌లో తెచ్చిన నల్లటి గాజు పూసలు. భుజం మీది గొంగడి మాత్రం నిజం గొంగడి ముక్కే, ఉన్ని దారంతో కుట్టాను, జిగురు వాడలేదు. ఉన్నికీ రాగికీ చెక్కకీ దేని స్వభావం దానిది. వాటిని జిగురు పెట్టి ఒప్పించకూడదని నా పట్టుదల. కట్టాలి, కుట్టాలి, లేదా పొడవాలి.

ఇంటి ఖర్చు వెళ్ళేది వీటి మీద కాదు, నిజం చెప్తున్నాను. కుక్కల బొమ్మల మీద. పోయిన కుక్క ఫొటోలు తెస్తారు, దువ్వెనలో మిగిలిన దాని బొచ్చు కవర్లో పెట్టి తెస్తారు. కుక్క బొచ్చు ఒక్కటే అయితే నున్నగా జారిపోతుంది, సూదికి సరిగా చిక్కదు. అందుకని లోపల గొర్రె ఉన్ని గట్టిగా కట్టి, పైన ఉన్నితో కలిపి ఎక్కిస్తాను. ఒకాయన బొమ్మ తీసుకుని ముఖం చూడలేదు, ఎడమ చెవి మడత తడిమారు. ఆ మడత కుదిరేదాకా ఆయన ఇచ్చిన ఫొటోలన్నీ బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను నేను. ఆ డబ్బులు తక్కువవీ కావు, ఆ పని చిన్నదీ కాదు.

పెద్ద పనులు చేసేవాళ్ళున్నారు వదినగారూ. కాలిఫోర్నియాలో స్టెఫనీ మెట్జ్ అనే శిల్పి ఈ సూదితోనే టెడ్డీ బేర్‌కి పుర్రె ఉంటే ఎలా ఉంటుందో చేసింది. తర్వాత మనిషంత శిల్పాలు చేసి, తాకి చూడమని మ్యూజియంలో పెట్టింది. బెల్జియంలో ఎమ్మా డి స్వాఫ్, మార్క్ జేమ్స్ రోల్స్ ఉన్ని బొమ్మల్ని కొద్దికొద్దిగా కదుపుతూ ‘ఓ విల్లీ’ అనే చిన్న సినిమా తీశారు, 2012లో. మీ మనవరాలు వచ్చినప్పుడు నా ఫోన్లో చూపిస్తాను. గాలి కదిలినట్టుంటుంది ఆ బొమ్మల మీద.

వాళ్ళంతా వాడే ఉన్ని తెప్పించుకోవచ్చు కదా అంటారా? మెత్తటి మెరినో తెప్పించి చూశాను. మెడకి చుట్టుకోవడానికి బంగారం, నా సూదికి మాత్రం అంత తొందరగా లొంగదు. పైన సూది పొడిచిన గుర్తులు కనపడతాయి. మోటు ఉన్ని త్వరగా బిగుసుకుంటుంది. అది మన దగ్గర ఉంది కదండీ! దక్కనీ గొర్రెది. నలుపు, గోధుమ, బూడిద, రంగు వెయ్యక్కర్లేదు. ఆ నలుపుని ఎండలో పట్టుకుని చూడండి, లోపల ఎర్రజీర కనపడుతుంది. ఏ రంగు డబ్బాలోనూ దొరకదు అది.

నారాయణఖేడ్ వైపు ఒక కురుమ పెద్దాయన దగ్గర తెచ్చుకుంటాను. ఏటా రెండుసార్లు కత్తెర వేస్తారు. పిల్ల గొర్రె మొదటి కత్తిరింపు మెత్తన, ముఖాలకి దాన్ని విడిగా దాస్తాను. ఇదివరకు ఈ బొచ్చంతా గొంగళ్ళకి పోయేది. ఆడవాళ్ళు వడికితే, మగవాళ్ళు గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పెట్టేవారు. వాన కూడా అంత తొందరగా దిగదు దానిలోకి. ఇప్పుడు గొంగడి కొనేవాళ్ళు తగ్గారు. మాంసానికి బరువొస్తుందని నెల్లూరు జాతి పొట్టేళ్ళని కలిపారు, వాటికి ఉన్ని ఉండదు, వట్టి వెంట్రుకే. మిగిలిన దక్కనీ మందకి కత్తిరింపు కూలి చేతి నుంచి పెట్టుకుని, ఆ బొచ్చు చేను గట్టున పారబోస్తున్నారు. పారబోసిన కుప్ప నా కళ్ళతో చూశాను, నాకు ఏడుపొచ్చింది. అందుకే ఊరికే ఇస్తానన్నా తీసుకోను, కిలో లెక్కన డబ్బులు ఇచ్చే తెచ్చుకుంటాను. నా ఒక్కదాని బొమ్మలతో మందలు నిలబడవు, తెలుసు. అయినా ఆ బొచ్చుకో ధర ఉందని ఆయనకి తెలియాలి, ఆయన కొడుక్కీ తెలియాలి.

అదిసరే, మీ మామగారి గొంగడి అటక మీద ఉందన్నారు కదూ, ఎలుక కొట్టిందని? ఈ వారంలోనే దింపించండి, ఆలస్యం చెయ్యకండి. వేపాకు వేశాంలే అని ఊరుకోకండి, ఆకు వాసనకి కొత్త పురుగు రాకపోవచ్చు గానీ లోపల పెట్టిన గుడ్లకి ఏం కాదు. నేనైతే చిన్న బొమ్మల్ని కవర్లో గట్టిగా కట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు పెడతాను. గొంగడి అందులో పట్టదు కాబట్టి దులిపి, బ్రష్ కొట్టి, తిప్పి తిప్పి మంచి ఎండ తగలనివ్వండి. ఆ తర్వాత నాకివ్వండి. కన్నం వెనక ఫోమ్ ముక్క పెట్టి, ఈ నల్ల బొచ్చే పరిచి, సూదితో పూడ్చేస్తాను. దగ్గరగా చూస్తే అతుకు తెలుస్తుంది, తెలియదని చెప్పను. చలికాలంలో అన్నయ్యగారు కప్పుకోవడానికి మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు.