కోట గారిది ఏ ఊరు?

"కోట శ్రీనివాసరావుది ఏ ఊర్రా?" అని అడిగింది అమ్మ. టీవీలో 'అహ నా పెళ్ళంట' వస్తోంది.

ఫోన్‌లో వెతికాను.
ముందు వరుసలో ఊరు తప్ప అన్నీ ఉన్నాయి. ఆస్తులెన్ని కోట్లు, చివరి క్షణాల్లో ఏం జరిగింది, చూడ్డానికి ఎవరు రాలేదు... అన్ని వీడియోల థంబ్‌నెయిళ్ల మీదా ఎర్ర బాణాలు, ఏడుస్తున్న మొహాలు.

కిందికి వెళ్తే అప్పుడు దొరికింది. కంకిపాడు. బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలు వేసి, 1978లో 'ప్రాణం ఖరీదు'తో సినిమాల్లోకి వచ్చిన మనిషి.

ఆయన బతికుండగానే, 2023 మార్చిలో, పోయారని ప్రచారం చేశారు. ఎనభై ఏళ్ల పెద్దాయన కెమెరా ముందుకొచ్చి, నేను బాగానే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది. తల్చుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. ఇంట్లోవాళ్లు ఎన్ని ఫోన్లకి జవాబు చెప్పుకుని ఉంటారు!

2025 జులై 13న నిజంగానే ఆ వార్త వచ్చింది.
మా ఇంట్లో ఎవరూ వెంటనే నమ్మలేదు. "మళ్లీ మొదలుపెట్టారు" అన్నాడు నాన్న.
నన్ను బాధపెట్టేది ఇదే. అంత గొప్ప నటుడు పోతే, అయ్యో అనడానికి ముందు అబద్ధమేమో అని చూసుకోవాల్సి వచ్చింది.

అందుకే ఇప్పుడు థంబ్‌నెయిల్ జోలికి పోను. నటులే నోరువిప్పి మాట్లాడిన పాత, పూర్తి ఇంటర్వ్యూలు వెతుక్కుంటున్నాను. గంట పట్టినా సరే.

పాత తరం నటులు నిర్మలమ్మ గారు, సుత్తి వీరభద్రరావు గారివి అలాంటి ఇంటర్వ్యూలు ఏమైనా ఉన్నాయా? రేడియోవైనా, పత్రికల్లోవైనా ఫర్వాలేదు. తెలిస్తే కింద రాయండి.