ఆత్రేయపురంలో చెరి సగం పూతరేకు

కిందటేడు ఆఫీసు హెల్త్ చెకప్‌లో నా హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. మూడు నెలల సగటు షుగర్ ఎంతో చెప్పే పరీక్ష అది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. రోజంతా కుర్చీలో కోడింగ్. నాన్నకు ఎప్పటినుంచో షుగర్. భయమేసి ఆ రోజే స్వీట్లు పూర్తిగా బంద్ పెట్టాను. పది రోజులు బాగానే నడిచింది. పదకొండో రోజు రాత్రి ఒంటిగంటకు యాప్‌లో గులాబ్‌జామ్ తెప్పించుకుని, ఫోన్ చూస్తూ డబ్బా మొత్తం ఖాళీ చేశాను. రుచి కూడా గుర్తులేదు!

పైగా నాన్న మీద పోలీసు డ్యూటీ ఒకటి. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా 'ఏం తిన్నావు?' అనే ప్రశ్నే.

ఆ మధ్య సెలవుకి రాజమండ్రి వెళ్లినప్పుడు, ఓ శనివారం ఇద్దరం బండి మీద బయల్దేరాం. ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా కోనసీమలోకి దిగాం. కాలువ, కొబ్బరిచెట్లు, వరి చేలు. వాడపల్లి వెంకన్న దర్శనం చేసుకుని ఆత్రేయపురం వచ్చాం. పూతరేకుల ఊరు. 2023లో ఇక్కడి పూతరేకులకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

ఓ ఇంటి ముందు ఒక పెద్దావిడ రేకులు తీస్తున్నారు. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి, పాలకన్నా పలచగా ఉంది. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి గుడ్డను పిండిలో ముంచి కుండ మీద పరిచినట్టు లాగేస్తే, క్షణాల్లో కాగితంలాంటి రేకు! చేతిలో పెట్టుకుంటే బరువే లేదు. బరువంతా ఆ తర్వాత వేసే నెయ్యిదీ, తీపిదీ.

"బెల్లంవైతే నాకు ఫర్వాలేదు కదమ్మా?" అడిగారు నాన్న.

ఆవిడ నవ్వారు. "బెల్లమైనా తీపేగదండీ. మా ఆయనకీ షుగరేనండి. పండక్కి ఒకటి, అదీ నా చేత్తో పెడతానండి."

నాన్న నా వైపు చూసి నెమ్మదిగా అన్నారు: "ఇంట్లో దొంగలా తింటున్నాన్రా, నువ్వు తిడతావని."

నాకు గులాబ్‌జామ్ డబ్బా గుర్తొచ్చింది. ఒంటిగంట రాత్రి నేను చేసిందీ అదేగా! ఒకటే పూతరేకు కొని, చెరి సగం చేసుకుని, అరుగు మీద కూర్చుని తిన్నాం. ముందు నెయ్యి వాసన, తర్వాత బెల్లం. రేకు నాలుక మీదే కరిగిపోయింది. ఫోన్ జేబులోనే ఉంది. సగం ముక్కకి పది నిమిషాలు పట్టింది.

పెద్దవాళ్లు రోజుకు తినే చక్కెర 25 గ్రాముల లోపు, అంటే సుమారు ఆరు టీస్పూన్లు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ లెక్కలో బెల్లం, తేనె, జ్యూసులు కూడా వస్తాయి. ఆఫీసులో నేను తాగే నాలుగు టీలతోనే ఆ కోటా దాదాపు అయిపోతోందని అప్పుడు తెలిసింది. నిజానికి నా సమస్య పూతరేకు కాదు. టీలు, గుట్టలా పెట్టుకునే అన్నం, కదలని కుర్చీ.

ఇప్పుడు టీలు రెండు, అవీ చక్కెర లేకుండా. కంచంలో సగం కూరలు, తర్వాత పప్పో గుడ్డో, మిగిలిన చోట అన్నం. రాత్రి భోజనమయ్యాక అరగంట నడక. స్వీటుంటే పగలే, నలుగురితో కలిసి. నాన్న తన డాక్టర్ని అడిగి, తినే రోజు నాకు చెప్పే తింటున్నారు. నేను తిట్టడం మానేశాను.

ఆ రోజు కొన్న డబ్బా ఆఫీసుకి తెచ్చి అందరికీ పంచాను. మొన్నటి పరీక్షలో 5.8 వచ్చింది. గీత ఇంకా దాటలేదు. ఈసారి నాన్నకి ఫోన్ చేసి ముందు చెప్పింది ఆ అంకె కాదు. "వచ్చే సెలవుకి మళ్లీ వెళ్దాం నాన్నా, చెరి సగం" అన్నాను.